మేస్త్రి కుడికన్ను

ఎడమ కన్ను మూసి, కుడికంటితో గీత చూడటం ఆ టైల్స్ మేస్త్రికి అలవాటు. గీత తిన్నగా ఉందో లేదో చూడటానికి దారం పట్టుకోవడం చేతకానివాళ్ల పని అని ఆయన అభిప్రాయం. తలబిరుసు మనిషే, కాని పనొచ్చిన మనిషి. అందుకే ఆయన కంటికి ఎదురు చెప్పినవాడు లేడు.

ఆ కన్నే కొంప ముంచింది. బామ్మర్ది మొదటిసారి ఒంటిచేత్తో పరిచిన హాలు చూడబోయి, మేస్త్రి అలవాటుగా కన్ను మూసి వంగాడు. నడిమధ్య గీతలు మెలికలు తిరిగి కనిపించాయి. దారం పట్టి చూద్దాం బావా అని అతను అంటూనే ఉన్నాడు, ఈయన సుత్తి ఎత్తి టైల్స్ పగలగొట్టేశాడు. ఇంటివాళ్ల ముందే, ఇటుకలు మోయడానికి తప్ప ఎందుకూ పనికిరావని నోటికొచ్చినట్టు తిట్టాడు. బామ్మర్ది చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి మేస్త్రి భార్య మొగుడికి వండి పెడుతోందే గాని పలకరించడం లేదు. తమ్ముడి మీద ప్రాణం ఆవిడకి.

తర్వాత తాను పరిచిన గదీ వంకరగానే కనిపించేసరికి మేస్త్రికి భయమేసింది. కంటాసుపత్రికి పోతే చేతికి గళ్ల కాగితం ఇచ్చారు. అలవాటుగా ఎడమ కన్ను మూసి చూసి, గీసినవాడెవడో గాని వాడికి చెయ్యి వణుకుతుందన్నాడు మేస్త్రి. నర్సు నవ్వకుండా ఆయన కుడికన్ను మూయించింది. గళ్లన్నీ బుద్ధిగా తిన్నగా నిలబడ్డాయి.

డాక్టరమ్మ ఆ కంటి లోపలి ఫొటో తెరమీద చూపించింది. నారింజరంగు నేల, దాని మీద సన్నటి ఎర్ర నరాలు, అక్కడక్కడ పసుపు చుక్కలు. సరిగ్గా చూపు నిలిచే చోట మాసిన మచ్చ, దాని అంచున నెత్తురు. కంటి వెనక ఉండే రెటీనా అనే పొర కింద పనికిమాలిన రక్తనాళాలు మొలిచి నీరు కారుస్తున్నాయని, అందుకే పొర ఉబ్బిందని చెప్పింది.

"కింద చెమ్మ చేరి టైలు లేచినట్టన్నమాట," అన్నాడు మేస్త్రి.

అంతేనంది. కంట్లోకి ఇంజెక్షన్లు వేస్తే నీరు తగ్గొచ్చు గాని, పోయిన చూపంతా వస్తుందని మాటివ్వలేనంది.

ఆయనకు తన కన్నుకంటే తాను పగలగొట్టిన హాలే కళ్లముందు మెదిలింది. సిగ్గుతో చితికిపోయాడు. నేరుగా బామ్మర్ది ఇంటికి పోయాడు. అతను గోదాము కాపలాకి యూనిఫాం వేసుకుని బయల్దేరుతున్నాడు.

"నీ గీతలు తిన్నగానే ఉన్నాయిరా. చెడింది నా కన్ను. పనిలోకి రా."

బామ్మర్ది యూనిఫాం గుండీలు పెట్టుకున్నాడు.

"నాకూ తిన్నగానే కనిపించాయి బావా. నువ్వు వంకరన్నావు కదా, నా కన్నే మంచిది కాదనుకున్నా. పనిముట్లు అమ్మేశాను."

తనవన్నీ ఇచ్చేస్తానన్నాడు మేస్త్రి.

"పనిముట్లదేముంది, మళ్లీ కొనుక్కోవచ్చు. ఇప్పుడు ఏ గీత చూసినా నాకే నమ్మకం కుదరట్లేదు బావా," అని అతను డ్యూటీకి వెళ్లిపోయాడు.