పసుపంటిన గోళ్లు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఆ చలికాలమంతా నేను చేతులు జేబుల్లో దాచుకునే మెట్లు దిగేదాన్ని. మా ఇంటి యజమానురాలికి ఎవరెదురైనా ముఖం కన్నా ముందు చేతులు చూసే అలవాటు.

పెరట్లో ఆవిడ కోళ్లు పెంచేది. మంచు పడిన రోజున కూడా తెల్లారకముందే లేచి, గడ్డకట్టిన నీళ్ల గిన్నెలో వేడినీళ్లు పోసి, చలికి పాడవకుండా కోళ్ల తురాయిలకు వ్యాజ్‌లైన్ రాసేది. గూట్లో గుడ్లు మాత్రం కనబడటం మానేశాయి.

ఒకరోజు నా చెయ్యి పట్టుకుని గోళ్లు చూసింది.

"ఇది గుడ్డు సొన కాదూ?"

"పసుపండీ. కూరలో వేసుకునేది."

"మరి నా గుడ్లు ఎవరు తింటున్నట్టు? ఇలాగైతే మీరు గది ఖాళీ చెయ్యాల్సి వస్తుంది."

ఆ చలిలో, ఆ ఊళ్లో ఇంకో గది దొరకడమంటే మాటలు కాదు. నేను కూరలో పసుపు వెయ్యడం మానేశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ గూటి దగ్గర నిలబడి నన్ను చేత్తో పిలిచింది. లోపల ఒక తెల్లకోడి, చలికి పగిలిన గుడ్డును పొడుచుకు తింటోంది. ముక్కంతా సొన. ఆవిడ కోడిని చూసింది, నన్ను చూసింది, మళ్లీ కోడిని చూసింది.

"గది ఖాళీ చెయ్యక్కర్లేదు," అంది చివరికి. "కానీ మీరు రాకముందు ఈ కోడి ఇలా ఉండేది కాదు."