మునిరాజు చేతిమీద జపాన్ అక్షరం

తమిళనాడులో హోసూరు పక్కన మత్తిగిరిలో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసి, "నువ్వు జపాన్ భాష నేర్చుకొన్నావు కదన్నా, ఆదివారం రా. ఒక పెళ్లి నిలబెట్టాల" అంది. ఇది 2006 నాటి సంగతి. బెంగళూరులో విలేకరిగా పనిచేస్తూ రెండేళ్లు సాయంత్రం తరగతులకు వెళ్లాను. కొన్ని వందల అక్షరాలు వచ్చాయి గానీ అవి ఎవరికీ పనికిరాలేదు. చెల్లెలి పక్క గదిలో అద్దెకున్న మునిరాజుది అత్తిముగం. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని. డెంకణికోట దగ్గర అతనికి సంబంధం కుదిరింది. అతని ముంజేతి మీది టాటూ చూసి, అది వేరే అమ్మాయి పేరని అనుమానించి, పెళ్లికూతురు సరోజ తండ్రి వెంకటప్ప నిశ్చితార్థం ఆపేశాడు.

బెంగళూరు నుంచి హోసూరుకు పొద్దున బస్సెక్కితే టిఫిన్ వేళకు దిగవచ్చు. బస్టాండులో ఇడ్లీ తిని, మునిరాజూ నేనూ డెంకణికోట బస్సెక్కాం. టికెట్ పది రూపాయల లోపే. కండక్టర్ అతని చేయి చూసి, "ఏమప్పా, గోబీ మంచూరి బండి బోర్డు చేతికి ఎక్కించినావే!" అన్నాడు. నేనూ చూశాను. ఒక నిలువు గీత, దాని పక్కన పొట్టి గీత, కింద పొడుగు అడ్డగీత. చైనాలోనూ జపాన్‌లోనూ దాని అర్థం ఒకటే: పైన.

"దీన్ని ఎక్కడ చూసి వేయించుకున్నావు?" అని అడిగాను.

"జపాన్ నుంచి మా ఫ్యాక్టరీకి మెషిన్లు వస్తాయి సార్. ప్రతి పెట్టెమీదా ఇదే ఉంటాది. మనం ఏది రాసినా ముందు పిళ్ళయార్ సుళి, అదే వినాయకుని గుర్తు, పెడతాము కదా. ఇది వాళ్ళ పిళ్ళయార్ సుళి అనుకొన్నాను."

పెట్టెను తలకిందులు చేయకూడదని, ఏ వైపు పైకి ఉండాలో అలా రాస్తారని చెప్పాను. అతను చేయి తిప్పి అక్షరాన్ని చూసుకున్నాడు.

"అయితే దేవుడు కాదా సార్?"

"కాదు."

"పేరు కూడా కాదు కదా?"

"కాదు."

"అది చాలు సార్."

వెంకటప్ప ఇంట్లో మాకు మంచం వేశారు, మజ్జిగ ఇచ్చారు. మాట మాత్రం నమ్మలేదు. వెంకటప్ప తల్లి తన చేయి చాపింది. భర్త పేరు పచ్చగా కనిపిస్తోంది. "చేతిమీద పొడిపించుకొనేది కట్టుకొన్నోళ్ల పేరే కదప్పా. మా ఆయన పోయినాడు, పేరు పోలేదు" అంది. వెంకటప్ప నావైపు తిరిగి, "వానితోనే బస్సులో వచ్చినావు. నువ్వు వాని మాటే చెప్తావు. రేపు ఎవుతో వచ్చి అది నా పేరు అంటే?" అన్నాడు. నా దగ్గర రుజువు లేదు.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. మేకల కొట్టం తలుపుమీద అదే అక్షరం కనిపించింది. అందరినీ పిలిచాను. ఈ చెక్కలు ఎక్కడివని అడిగితే, హోసూరు పాత సామాన్ల అంగడిలో కొన్నానన్నాడు వెంకటప్ప. ఫ్యాక్టరీ పెట్టెల చెక్కలే. తలకిందులుగా కొట్టడంతో అక్షరం పక్కన, పైవైపును చూపాల్సిన బాణం గుర్తు నేలను చూపిస్తోంది. ఆయన మునిరాజు చేయి పట్టి తలుపు పక్కన పెట్టి, ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

"అయితే మన మేకలకు కూడా ఆ పిల్ల పేరే రాసినావా వెంకటప్పా?" అంది ముసలామె.

అందరూ నవ్వారు. వెంకటప్ప మాత్రం, "అయినా సరోజను అడగాల" అని గొణిగాడు. పెరటి గుమ్మంలో నిలబడి అంతా విన్న సరోజ, "పేరు కాదు కదా నాయనా. పక్కన జాగా శానా ఉంది. నా పేరు రాయించుకోని రమ్మను. తెలుగులో!" అంది. మునిరాజు చేయి వెనక్కి దాచుకున్నాడు, సూది అప్పుడే దిగినట్టు. వెంకటప్ప లోపలికి వెళ్లి పంచాంగం తెచ్చాడు.

ఆ తర్వాత బెంగళూరు బస్సుల్లో ఇలాంటి అక్షరాలు చాలా చేతులమీద చూశాను. అడిగినవాళ్లకే అర్థం చెబుతాను. వాళ్లకు అది ఎక్కువగా ఇంట్లో చెప్పుకోవడానికే కావాలి. మీరూ వేయించుకోవాలనుకుంటే, సూది తగలక ముందే ఆ భాష చదవగలిగిన ఇద్దరికి చూపించండి. ఇప్పటికే వేయించుకుని ఉంటే, పెళ్లిచూపులకు పొడుగు చేతుల చొక్కా వేసుకోకండి. అర్థం మీరే ముందు చెప్పేయండి.