మూతలో కూర

గోదావరిఖనిలో నేను గుమాస్తాగా చేరిన గని ఆఫీసులో, నా ఎదురుగా కూర్చుని అన్నం తినే ఓవర్‌మన్ కాకకు ఒక అలవాటు ఉండేది. టిఫిన్ డబ్బా తెరవగానే సగం కూర మూతలో వేసి కిటికీ వైపు జరిపేవాడు. ఒకసారి నేను మూత వైపు చెయ్యి చాపితే, "డబ్బల నుంచి తీస్కో బిడ్డా. మూతది గ్యాంగుది," అన్నాడు. అంత మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒకప్పుడు ఆయన కూడా బొగ్గు నింపే కార్మికుడే. గని లోపల గ్యాంగంతా ఒకరి మూతలోది ఒకరు తినేవారట. పరీక్ష పాసై, ఓవర్‌మన్‌గా వాళ్లకే పైఅధికారి అయ్యాక, ఆయన పక్కన కూర్చోబోతే చాలు, అందరూ లేచి నిలబడేవారు. అందుకే షిఫ్టు ముగిసి పైకొచ్చాకే తినేవాడు. ఆ మనుషులే కిటికీ ముందు నుంచి "నమస్తే సార్" అంటూ బస్సుకు వెళ్లేవారు. ఒక్కరూ ఆగేవారు కాదు. అయినా మూతలోది ఆయన ముట్టేవాడు కాదు.

ఒకరోజు, నేను చదువుతున్న ఇంగ్లీషు నవల కథ చెప్పమన్నాడు. బుద్ధి ఎదగని ఒక పనివాడికి డాక్టర్లు మెదడు ఆపరేషన్ చేస్తారు. అతను అందరినీ మించిన మేధావి అవుతాడు. కొన్నాళ్లకు ఆ తెలివంతా పోతుంది.

కాక ఆపరేషన్ ఊసే ఎత్తలేదు.

"తెలివొచ్చినంక ఎవలతోని తిన్నడు?"

"ఒక్కడే కాకా. పాత దోస్తులు దూరం జరిగిన్రు."

"మల్ల తెలివి పోయినంక? కలుపుకున్నరా?"

"కలుపుకున్నరు."

ఆయన కిటికీలోంచి గ్యాంగు ఎక్కిన బస్సు వైపు చూశాడు. బస్సు కదిలిపోయింది.

"నసీబున్నోడు," అని, మూతలోని కూరను మళ్లీ డబ్బాలోకి ఒంపుకున్నాడు.