ముఖం చూపించని కొడుకు

చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే అతనికి దువ్వెన ఉండేది. అందుకే వీధిలో చిన్నా పెద్దా అందరికీ అతను దువ్వెన బాబాయే. బజారు మలుపులో రెండు కుర్చీల సెలూను అతనిది. ఒక కుర్చీ దగ్గర తను, రెండోదాని దగ్గర కొడుకు. ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డొస్తూ, గిరాకీల మీద జోకులేస్తూ పని చేసేవారు. ఆదివారం సాయంత్రం షాపు కట్టేశాక తండ్రి జుట్టు కొడుకూ, కొడుకు జుట్టు తండ్రీ కత్తిరించేవారు. కొడుకు నడినెత్తిన రెండు సుడులు. "వీడికి రెండు పెళ్ళిళ్ళు రాసిపెట్టున్నాయి, ముందు ఒకటి చెయ్యండి" అని తల్లి నవ్వేది.

వానాకాలంలో ఒక సాయంత్రం ఆ తల్లిని బండి మీద ఎక్కించుకుని కొడుకు ఇంటికి వస్తున్నాడు. తడి రోడ్డు మీద బండి జారింది. కొడుక్కి మోచేయి గీరుకుంది. ఆమె తల రోడ్డుకి కొట్టుకుంది. దువ్వెన బాబాయి ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. వరండాలో గోడకి చేరగిలబడి కూర్చున్న కొడుకుని చూసి అతనొక మాట అన్నాడు.

"అది పోయి నువ్వెందుకు మిగిలావురా?"

పక్కనే ఉన్న అతని అక్క తమ్ముడి నోరు మూసింది. కానీ మాట బయటికి వచ్చేసింది. కొడుకు తల ఎత్తలేదు. ఆ వారంలోనే ఒక ఉదయం "షాపు తీసి వస్తా" అని మేనత్తతో చెప్పి వెళ్ళాడు. షాపు తీశాడు. నేల ఊడ్చాడు. తండ్రి కత్తెరలు తుడిచి వరసగా పేర్చాడు. తన ఫోను వాటి పక్కనే పెట్టాడు. ఎటు వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

అప్పటి నుంచి దువ్వెన బాబాయి తిరగని చోటు లేదు. స్టేషన్లు, బస్టాండులు, తెలిసినవాళ్ళ ఇళ్ళు. సముద్రంలో ఎవరి శవమైనా కొట్టుకొచ్చిందంటే పోలీసులు ఇతనికి కబురు పెట్టేవారు. శవాగారంలో అందరూ ముఖం మీది గుడ్డ తియ్యమంటారు. ఇతను మాత్రం "కాస్త తల పక్కకి తిప్పండి బాబూ" అనేవాడు. నీళ్ళలో నానిన ముఖాలను నమ్మలేం. సుడులు మారవు. ఒకే సుడి కనబడితే బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఏడ్చేవాడు. అది ఊరట అని అక్క అనుకునేది. ఊరట అయితే మనిషి అంతలా వణుకుతాడా!

ఇలా ఒక ఏడాది గడిచింది. ఒక రోజు డ్రాయింగు మాస్టారు క్రాఫు చేయించుకోవడానికి వచ్చాడు. చాలాసేపు ఏదో చెప్పబోయి మింగేసి, చివరికి అద్దంలోకి చూస్తూ అన్నాడు.

"బాబాయ్, కాస్త ఆ కత్తెర పక్కన పెట్టు."

"ఏం మాస్టారూ, తెగిందా?"

"తెగలేదు. సముద్రం ఒడ్డున కొత్త మ్యూజియం పెట్టారు చూడు, నిన్న మా పిల్లల్ని తీసుకెళ్ళాను. ఒక చీకటి గదిలో గోడంత తెర మీద వీడియో వేస్తున్నారు. కొంతమంది బీచిలో మనకి వీపు పెట్టి నిలబడి సముద్రాన్ని చూస్తుంటారు, అంతే. అందులో ఒకతను... నేను ఇన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, వాణ్ణి చూస్తూనే ఉన్నాను కదా. మీవాడిలా అనిపించాడు. ఫోటో తీద్దామంటే తియ్యనివ్వలేదు."

దువ్వెన బాబాయి మాస్టారి మెడ చుట్టూ ఉన్న గుడ్డ లాగేసి షట్టరు దించాడు. మాస్టారు సగం క్రాఫుతోనే అతని వెంట పరిగెత్తి బస్సెక్కాడు. దారి పొడుగునా జనం మాస్టారిని చూసి ముసిముసిగా నవ్వుతూనే ఉన్నారు. ఆయన పట్టించుకోలేదు.

మ్యూజియం ఊరి చివర, భూమి సముద్రంలోకి పొడుచుకుపోయిన చోట ఉంది. సున్నం లేని సిమెంటు గోడలు, మనిషి కంటే ఎత్తయిన అద్దాలు. బయట గడ్డిలో పెద్ద ఇనుప రేకొకటి ఉప్పుగాలికి తుప్పుపట్టి నిలబడి ఉంది. లోపల ఒక గది నిండా రాళ్ళు పరిచి ఉన్నాయి. దువ్వెన బాబాయి వాటి మధ్య నుంచే నడిచిపోతుంటే ఎవరో అరిచారు. "అవి కూడా బొమ్మలేనటయ్యా, చుట్టూ తిరిగిరా" అని మాస్టారు చెయ్యి పట్టి లాగాడు.

గుమ్మానికి వేలాడే నల్లతెర తొలగించి చీకటి గదిలోకి వెళ్ళారు. అలల హోరు ముందు వినిపించింది. తర్వాత తెర కనిపించింది. బూడిదరంగు ఆకాశం, ఇసుక, వరసగా వీపులు. కెమెరా ఒక్కొక్కరి వెనకా మెల్లగా జరుగుతోంది. ఒక ముసలావిడ జడ. ఒక బట్టతల. ఆ తర్వాత రెండు సుడులు.

దువ్వెన బాబాయి ఒక అడుగు ముందుకి వేశాడు. చెవి వెనక చిన్నప్పుడు బ్లేడుతో ఆడుకుని కోసుకున్న మచ్చ కూడా ఉంది. కానీ అతన్ని నిలువునా కోసింది సుడులూ కాదు, మచ్చా కాదు. మెడ. మెడ మీద వెంట్రుకలు చొక్కా కాలరు దాకా దిగి, చిందరవందరగా పెరిగిపోయి ఉన్నాయి. వారం దాటితే మెడ గీయించుకోకుండా ఉండలేని పిల్లాడు వాడు. ముందు జుట్టయితే అద్దంలో చూసుకుని ఎవడైనా కత్తిరించుకుంటాడు. మెడ వెనక మాత్రం ఇంకొకరి చెయ్యి కావాలి. వీడు ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు.

"ఒరే" అన్నాడు. ఆపైన గట్టిగా, "ఒరే, ఇటు తిరగరా! నాన్ననురా!"

గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురు ఉలిక్కిపడి పక్కకి తప్పుకున్నారు. అతను తెర దగ్గరికి వెళ్ళి ఆ మెడ మీద చెయ్యి వేశాడు. కొడుకు వీపు మీద అతని నీడ పడింది. కెమెరా పక్కకి జరిగింది. చేతి కింద ఎవరిదో చీర కొంగు, తర్వాత ఉత్త ఆకాశం.

కాపలా ఉండే ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. చొక్కా పట్టుకుని లాగబోయి, అతని ముఖం చూసి ఆగింది. "పెద్దాయనా, కూర్చోండి. మళ్ళీ వస్తుంది. అయిపోగానే మొదటి నుంచి వేస్తారు" అంది. ఆ రోజు తలుపులు మూసేదాకా అతను అక్కడే కూర్చున్నాడు. కొడుకు వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడేవాడు, ఈసారైనా తిరుగుతాడేమోనని.

మర్నాడు అక్కను తీసుకొచ్చాడు. ఆమె కళ్ళజోడు తుడుచుకుని చూసి పెదవి విరిచింది.

"వీడు కాదురా. మనవాడి భుజాలు ఇంత వంగి ఉండవు."

"ఏడాదిగా వంచుకునే తిరుగుతున్నాడేమో!"

"నీకు పిచ్చి పట్టింది. పద ఇంటికి."

"నువ్వు పో. వాణ్ణి ఎత్తుకున్నావు గానీ ఎప్పుడైనా తల కత్తిరించావా?" అని అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క మీద గొంతు లేపడం అదే మొదలు. ఆమె బయటికొచ్చి గట్టు మీద కూర్చుంది. ఒంటరిగా మాత్రం ఇంటికి వెళ్ళలేదు.

కాపలామనిషి వారితోనూ వీరితోనూ మాట్లాడి, ఆ వీడియో తీసినావిడను ఫోనులో కలిపింది. ఆవిడ ఎక్కడో దూరదేశంలో ఉంది. మ్యూజియం ఆఫీసు గదిలో ఫోను బల్ల మీద పెట్టి అందరూ చుట్టూ చేరారు.

"ఆ అబ్బాయి నాకు గుర్తున్నాడండీ" అంది ఆవిడ. "షూటింగు అయ్యాక మా కెమెరా కుర్రాడి జుట్టు చూసి ఉండబట్టలేక, మా మేకప్ పెట్టెలోంచి కత్తెర తీసుకుని బీచిలోనే క్రాఫు చేసేశాడు."

అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పుడు తీశారమ్మా?"

"మొన్న చలికాలంలో."

అంటే ఇల్లు వదిలిపోయాక. అంటే ఆ శవాగారాల మెట్ల మీద ఇతను ఏడుస్తున్నప్పుడు వాడు బతికే ఉన్నాడు.

"సన్నబడ్డాడా అమ్మా?"

"నేను అంతకుముందు చూడలేదు కదండీ."

"నవ్వాడా?"

"ఒకసారి. క్రాఫు చేసేటప్పుడు."

"తీసేటప్పుడు ఒక్కసారైనా ఇటు తిరిగి ఉంటాడు కదమ్మా. ఆ ముక్క మీ దగ్గర ఉంటుంది కదా. అది ఒక్కటి నాకు చూపించు. ఇంకేం అడగను."

ఆవిడ గొంతు మారింది.

"ఉందండీ. కానీ అతను అడిగిందే ఆ ఒక్కటి. ముఖం ఎవరికీ చూపించొద్దన్నాడు. మాటిచ్చాను."

"ఎవరికీ అంటే పరాయివాళ్ళకి తల్లీ. నేను తండ్రిని."

"ఎక్కడ చూపిస్తారని అడిగితే ఈ మ్యూజియం పేరు చెప్పాను. అది విని వద్దని వెళ్ళిపోబోయాడు. మళ్ళీ వెనక్కి వచ్చి, ముఖం లేకుండా అయితే సరే అన్నాడు. నన్ను క్షమించండి." ఏ బీచిలో తీశారో ఆ ఊరి పేరు మాత్రం చెప్పింది.

ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాక దువ్వెన బాబాయి సముద్రం వైపు చూస్తూ అన్నాడు. "చూశావా అక్కా. నా కంట పడకూడదని వాడి ఆరాటం."

"నీ మొహం! పడకూడదనుకుంటే పోయేవాడు అటే పోయేవాడు. వెనక్కెందుకు వచ్చాడు? వీపైనా నీకు కనబడాలనే వచ్చాడు."

ఆ మాట అతను నమ్మాడో లేదో తెలియదు. ఆ ఊరు వెళ్ళాడు. సెలూన్లన్నీ తిరిగాడు. ఒక షాపు యజమాని మాత్రం, "ఉన్నాడు, మంచి పనోడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఎండలు రాకముందే వెళ్ళిపోయాడు" అన్నాడు. ఎక్కడికో అతనికీ తెలియదు.

వాడికి ఆ మ్యూజియం పేరు తెలుసు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు చూసుకోవడానికి వస్తాడని తండ్రికి ఒక ఆశ పుట్టింది. సెలూను మధ్యాహ్నానికే కట్టేసి రోజూ మ్యూజియానికి వెళ్ళేవాడు. నల్లతెర కదిలితే చాలు, తల అటు తిప్పేవాడు. కాలేజీ పిల్లలు వచ్చారు, కొత్త దంపతులు వచ్చారు, పసిబిడ్డను ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. కొడుకు రాలేదు.

ప్రదర్శన ముగిసే రోజు కాపలామనిషి అతన్ని ఒక్కణ్ణే గదిలో వదిలి బయట నిలబడింది. నల్లతెర అవతల నుంచి ఆమెకి అతని మాటలు వినిపించాయి.

"ఆ మాట నేనే అన్నానురా. మీ అమ్మ పోయిన బాధ ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నీ మీద వేశాను. నువ్వు కూడా పోయుంటే నేను ఆ వరండా దాటి వచ్చేవాణ్ణి కాదు. మెడ చూసుకో ఎలా ఉందో. ఎవరి చేతనైనా గీయించుకో. నేనే అక్కర్లేదు, ఎవరైనా సరే."

ఇంతలో పైన ఎవరో మిషను ఆపేశారు. అలల చప్పుడు తెగిపోయింది. లైట్లు వెలిగాయి. ఎదురుగా తెల్లగోడ, దాని మీద మేకుల గుర్తులు. "ఇంకొక్కసారి వెయ్యమనమ్మా" అని అతను కాపలామనిషి చేతులు పట్టుకున్నాడు. ఆమె పరిగెత్తుకుంటూ పైకి వెళ్ళింది. కానీ అప్పటికే తీగలు విప్పేశారు. ఆ వీడియో మర్నాడే వేరే దేశానికి వెళ్ళిపోయింది.

కొడుకు ఇప్పటికీ రాలేదు. సెలూనుకి సెలవు రోజున దువ్వెన బాబాయి ఆ బీచి ఊరికి వెళ్తాడు. సముద్రం చూస్తూ నిలబడ్డవాళ్ళ వెనకే ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాడు. ఎవరినీ పిలవడు. ఈమధ్య అక్క కూడా వెంట వెళ్తోంది. మోకాళ్ళ నొప్పులతో ఎక్కువ దూరం నడవలేక బల్ల మీద కూర్చుని చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంటూ ఉంటుంది.

"ఆ నీలం చొక్కావాడిని చూశావా?" అని అడుగుతుంది అతను తిరిగి రాగానే.

"చూశాను. ఒకటే సుడి."

"సరే, కాసిని మంచినీళ్ళు తాగు. అటు పక్క ఇంకా చూడలేదు."