పోలింగ్ క్యూలో కుంకుమ

కవిత కోరుట్లలో సర్కారు బడి టీచరు. పుట్టింది కథలాపూర్‌లో. తల్లి రాజవ్వ నాట్లకు పోయి చదివించింది. ఎన్నికల డ్యూటీ అంటే తోటి టీచర్లు డాక్టరు చీటీలు వెతుక్కునేవాళ్లు. కవిత పెళ్లికి పోయినట్టు పోయేది.

ఆ ఉత్సాహమే ఆమెను సముద్రం మధ్య ఒక ద్వీపానికి చేర్చింది. తమను ఏలే దేశం నుంచి విడిపోయి స్వతంత్ర దేశం కావాలా, వద్దా అని అక్కడి జనం ఓటు వేయబోతున్నారు. అది సవ్యంగా జరుగుతుందో లేదో చూసే పరిశీలకుల్లో ఒకామెగా ఉపాధ్యాయ సంఘం ఆమెను పంపింది.

బయల్దేరేటప్పుడు రాజవ్వ కుంకుమ భరిణె చేతిలో పెట్టింది.

"గక్కడ ఏం జేస్తవే బిడ్డా?"

"సూసుడే అవ్వా. ఏం ముట్టొద్దు. ఎవ్వరికేం జెప్పొద్దు."

"ఉత్తగ సూసుటానికి ఇమానమా! నన్ను తోలితే నేను సూడనా?"

ద్వీపంలో చేపలమ్మే లూసీ ఇంట్లో బస. పోలింగ్ పొద్దున లూసీ పూలగౌను వేసుకుని గడప దగ్గరికి వచ్చింది. కవిత చెయ్యి దానంతట అదే భరిణె మూత తీసింది. మంచి పనికి బయల్దేరిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా పంపడం ఆ చేతికి అలవాటు లేదు.

లూసీ అద్దంలో చూసుకుని నవ్వింది. పక్కింటామె వచ్చి, తనకేదీ అంది. ఆమె వెనుక ఆమె చెల్లెళ్లు. వీధంతా గలగల. కవిత బొట్లు పెడుతూ పోయింది.

పోలింగ్ కేంద్రం దగ్గర బృందం పెద్ద ఆమెను పక్కకు పిలిచాడు. ఆయన రిటైరైన జడ్జి. నవ్వడు.

"క్యూలో కొందరి నుదుటిపై ఎర్రచుక్క ఉంది. అది స్వతంత్రం కోరేవాళ్ల ప్రచార గుర్తని అవతలి పక్షం అంటోంది. ఫిర్యాదు రాసిచ్చారంటే ఇక్కడ పోలింగ్ ఆపేస్తారు. ఎవరి పనో కనుక్కో."

"నా పనే," అంది కవిత.

జడ్జి ఆమె మెడలోని పరిశీలకురాలి బ్యాడ్జి వైపు చూశాడు. క్యూలో లూసీ చెయ్యి ఊపింది.

"చేసింది నేనే. నేనే చెప్పుకుంటాను."

జడ్జి తల ఊపాడు. కవిత గేటు బయట అందరికీ వినబడేలా చెప్పింది. "అది నేను పెట్టిన బొట్టు. మా దగ్గర మంచి పనికి పోయేవాళ్లకు పెడతాం. ఓటు అవునన్నా మంచి పనే, కాదన్నా మంచి పనే."

క్యూలో ఒక ముసలాయన గొంతు పెంచాడు. "నేను విడిపోవద్దనేవాణ్ని. నాకెందుకు పెట్టలేదు?"

నవ్వులు. ఆయన నుదురు వంచి నిలబడ్డాడు.

"పరిశీలకులు ఓటరును ముట్టరాదు," అన్నాడు జడ్జి.

కవిత మూత తీసి భరిణెను గేటు బయట గోడ మీద పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుంది. లూసీ వచ్చి ముసలాయన నుదుట బొట్టు పెట్టింది. ఆయన తన వెనకాయనకు. ఆయన తన భార్యకు, ముక్కు మీద. ఇక ఆగలేదు. విడిపోదామన్నవాళ్లు వద్దన్నవాళ్లకు పెట్టారు, వద్దన్నవాళ్లు గేటు దగ్గరి పోలీసుకూ పెట్టారు. క్యూ అంతా ఎర్రబడ్డాక ఎవరు ఎటో చెప్పే దిక్కే లేదు. ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాయన కూడా కలం జేబులో పెట్టి, లేచి నుదురు చూపాడు.

పోలింగ్ ఆగలేదు.

సాయంత్రం డబ్బాలకు సీలు పడ్డాక జడ్జి చెయ్యి చాచాడు. "బ్యాడ్జి."

కవిత తీసి ఇచ్చింది. ఆయన దాని మీది కుంకుమ మరకను రుమాలుతో తుడిచి మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు. అప్పుడు చూసింది. ఆయన నుదుట పెద్ద బొట్టు. ఎవరు పెట్టారో ఆయనకే తెలియదు.

కథలాపూర్‌కు ఫోన్ కలిసింది.

"కుంకుమ ఒడ్సిపోయిందే అవ్వా."

"అంతనా! గక్కడ ఎవలు గెలుస్తరు?"

"నేను జెప్పొద్దే."

"ఊరంతట బొట్లు వెట్టొచ్చు గని, తల్లికి ఒక్క ముచ్చట జెప్పొద్దా! ఇంకో డబ్బి పంపుతా, మంచిగ జెప్పు!"

కవితకు నవ్వాగక ఫోను లూసీ చేతికిచ్చింది. లూసీకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అన్నింటికీ సరేనంది.