ట్రేసింగ్ కాగితం మీద అడ్డగీతలు

నేను పదో తరగతిలో ఉండగా మా నాన్న గుండె ఆగి చనిపోయారు. ఆయన పనిచేసిన కర్మాగారంవాళ్లు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. నాకు పద్దెనిమిదేళ్లు నిండాక పరీక్ష పెడతారు. నెగ్గితే డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా, అంటే బొమ్మలకు నకళ్లు గీసేవాడిగా, తీసుకుంటారు. తప్పితే ఆ అవకాశం అమ్మకు, కాంటీన్‌లో పాత్రలు కడిగే పనికి. గోదావరి జిల్లా నుంచి కాపురానికి వచ్చిన అమ్మ అప్పటివరకు ఇంటి దగ్గరి గోపాలపట్నం మార్కెట్టు దాటి ఒంటరిగా వెళ్లిన మనిషి కాదు.

హైస్కూలులో ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఐచ్ఛిక విషయం. దాన్ని ఇష్టపడి నేర్చుకున్నానా అని అడిగితే, అవుననడానికీ కాదనడానికీ నా దగ్గర ఆధారం లేదు. ఆ రోజుల్లో పెన్సిలు ముల్లును గరుకు కాగితం మీద ఉలి అంచులా అరగదీయడం, బోర్డుకు క్లిప్పులతో షీటు బిగించడం, చేతి చెమట అంటకుండా అరచేతి కింద రుమాలు పరచడం అన్నీ చేశాను. చేస్తున్నప్పుడు ఏమనిపించేదో గుర్తులేదు. బహుశా ఏమీ అనిపించలేదు.

"అడ్డగీతలన్నీ ముందు, నిలువుగీతలన్నీ తర్వాత. బొమ్మ అయ్యేవరకు క్లిప్పు ముట్టుకున్నావో, సెయ్యి ఇరిసేత్తాను," అనేవారు డ్రాయింగు మాస్టారు. అలా గీస్తే టీ-స్క్వేరును, అంటే బోర్డు అంచుకు ఆనించే పొడవాటి స్కేలును, మాటిమాటికీ కదపనక్కరలేదు. ఆ నియమం వెనుక కారణం కనిపించింది కాబట్టి ఒప్పుకున్నాను.

సముద్రపు గాలికి కాగితం సాగుతుందని కూడా ఆయన అన్నారు. దానికి కారణం కనిపించలేదు. కాబట్టి ఒక షీటు మీద రెండు చుక్కలు పెట్టి, పొడి ఉదయం ఒకసారి, ముసురు పట్టిన సాయంత్రం మరొకసారి కొలిచాను. తేడా నా స్కేలు చూపగలిగినంత లేదు. పక్క బల్ల మీద కూర్చునే నా స్నేహితుడు, చేపలు పట్టే ఇంటివాడు, చూసి నవ్వాడు.

"ఏటి బావా, కాయితాన్ని కూడా నమ్మవేటి? మా ఇంట్లో అప్పడాలు మెత్తబడిపోతన్నాయి. వచ్చి వాటినీ కొలిసీ!"

కాగితం సాగదని తేల్చుకున్నాను. నేను కొలిచింది దళసరి డ్రాయింగ్ షీటును మాత్రమే.

పదో తరగతి అయ్యాక, ఇంటర్ చదువుతూ కూడా ఆదివారాలు మాస్టారి దగ్గరికే వెళ్లి గీసేవాణ్ని. పద్దెనిమిది నిండిన వానాకాలంలో పరీక్షకు పిలిచారు. ఒక పంపు బొమ్మ మీద పలచని ట్రేసింగ్ కాగితం పరిచి, కింద కనిపించే గీతల మీదుగా సిరాతో గీయాలి. బయట జల్లు, కిటికీలు తెరిచే ఉన్నాయి. మధ్యాహ్నానికి అడ్డగీతలన్నీ పూర్తిచేసి భోజనానికి లేచాను.

తిరిగి వచ్చి నిలువుగీతలు మొదలుపెట్టాను. ఎడమవైపు సరిపోయాయి. కుడికి వెళ్లేకొద్దీ, నేను ముందు గీసిన అడ్డగీతల కొనలు కింది బొమ్మ అంచులను దాటి బయటికి వచ్చాయి. నా కంటి తప్పేమోనని స్కేలు పెట్టాను. కన్ను సరిగ్గానే చూసింది. కాగితం సాగింది.

పక్కనున్న అభ్యర్థి క్లిప్పులు తీసి, తన కాగితాన్ని కొంచెం ఎడమకు నెట్టి, మళ్లీ బిగించాడు. నా వైపు వంగి గుసగుసగా అన్నాడు:

"సూత్తావేటి? జరుపుకో. ఒక్కో ముక్క దగ్గిర జరుపుకుంటా గీసీ."

ముక్కూమొహం తెలియని మనిషి మాట. క్లిప్పు ముట్టుకోకూడదన్నది నేర్చుకున్న నియమం. బొమ్మ మీద కొలతలు రాసి ఉన్నాయి. వాటిని స్కేలుతో తీసుకుని మిగిలిన గీతలు గీశాను. బయటికి వచ్చిన కొనలను బ్లేడుతో గీకేశాను.

పరీక్షాధికారి నా కాగితాన్ని మూల బొమ్మ మీద పరిచి వెలుతురుకు పట్టుకున్నాడు.

"ఇది ట్రేసింగ్ కాదు బాబూ."

"కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి సార్. కావాలంటే చూడండి."

"కొలతల గొడవెందుకు? కింద గీత మీద పై గీత పడాల. వానలో ఒక్కో బొమ్మ పూర్తి సేసుకుంటా కాయితం జరుపుకోవాలని ఎవురూ సెప్నేదా?"

చెప్పారు, ఒక గంట ముందు. ఆ మాట అనలేదు. చెప్పలేదన్నాను.

కొన్ని వారాలకు కాంటీన్ పనికి రమ్మని అమ్మ పేరుమీద ఉత్తరం వచ్చింది. నేను తప్పడానికి ఆ గీతలే కారణమని బంధువులంతా తేల్చేశారు. మార్కులు ఎవరికీ చూపించలేదు. కాబట్టి అది ఊహే. కానీ దాన్ని కాదనడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు.

ఉత్తరం చదివి వినిపించాక అమ్మ అడిగింది.

"ఎన్నింటికి ఉండాలంట్రా అక్కడ?"

"ఆరింటికి గేటు దగ్గర."

"అయితే నాలుగింటికే లేవాలి. బస్సు నువ్వు ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తాను."

ఆమె అలమరలోంచి నాన్న అలారం గడియారం తీసి, దుమ్ము తుడిచి, కీ ఇచ్చి, అలారం ముల్లు నాలుగుకు తిప్పి నా చేతికిచ్చింది. అది మోగుతుందో లేదో చూడటానికి గంటల ముల్లును నాలుగు దాకా తిప్పాను. మోగింది.