తెగిన కొసలు

కత్తెర చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ధర్మవరంలో మా ఎదురింటి పెద్దమ్మ గోడకు తగిలించే బొమ్మలు చేసేది. చెక్క మీద పెనుకొండ ఎర్రమన్ను పూసి, చీర డిజైను కోసం చిల్లులు పొడిచిన పాత మగ్గం అట్టలు అతికించి, ఆ చిల్లుల్లోంచి పట్టుపోగులు లాగేది. ప్రతి బొమ్మ కింద కొన్ని కొసలు వేలాడేవి. వాటిలోంచి కొంత కోసి, దానికి కొత్త పోగులు ముడివేసి తర్వాతి బొమ్మ మొదలుపెట్టేది. చనిపోయిన ఆమె నాయన నేతగాడు; ఆయన కూడా చీర కోశాక మగ్గం మీద మిగిలిన కొసలకే కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, అతికేవాడట. ఆయన ఆఖరి పడుగు కొసలతోనే ఆమె మొదటి బొమ్మ మొదలైంది.

“నాయన పోగు ఇంగా నడుస్తాండాది పాపా,” అనేది నేను కనిపించినప్పుడల్లా.

హిందూపురంలో ఆమె బొమ్మలు పెట్టిన ప్రదర్శనకు ఆమెకు తోడు వెళ్ళాను. మేం టీ తాగి వచ్చేసరికి ప్రదర్శన నడిపే పెద్దమనిషి చేతిలో కత్తెర ఉంది.

“దారాలు యాలాడతాంటే బాగలేదమ్మా. నీటుగా చేసినా!” అన్నాడు, మెచ్చుకోమన్నట్టు.

అన్ని బొమ్మల కొసలూ అంచు దాకా కత్తిరించాడు. ఇక లాగితే బొమ్మే విడిపోతుంది. తెగిన కొసలు అప్పటికే ఊడ్చేశారు. నాకు అరవాలనిపించింది. పెద్దమ్మ మాత్రం ఆయనకు నమస్కారం పెట్టింది. ఆ నమస్కారం మీద కూడా నాకు కోపమే.

ఆమె మళ్ళీ బొమ్మ ముట్టలేదు. నాకు చెప్పకుండానే కదిరికి మారిపోయింది. ఆ రోజు తిరుగు రైల్లో, పెనుకొండ దాటాక అన్నవే నాతో ఆమె ఆఖరి మాటలు.

“మా నాయన ఈ పొద్దు పోయినాడు పాపా.”